పరిశోధక వేతనములు: పాలనాశాస్త్రము

ప్రభుత్వముల నిర్మాణమును, కార్యవిధానమును, ప్రజాజీవితముపై వాని ప్రభావమును శాస్త్రీయముగ పరిశీలించి డాక్టరేటు పట్టమునకు సిద్ధాంతగ్రంథమును రచించు విద్యార్థికి, బ్రతుకుతెరువునకై చదువు మానుకొననక్కరలేకుండ, నిర్ణీతకాలమువరకు నెలనెలా ఒసగబడు ధనసహాయము పరిశోధక వేతనము. వాడుకలో దీనిని ఫెలోషిప్పు అందురు. రాజనీతిశాస్త్రము, ప్రభుత్వపాలన, స్థానిక స్వపరిపాలన, ప్రభుత్వ విత్తము, ప్రజావిధానములు దీని పరిధిలోనివి. తమ్ము పాలించు వ్యవస్థను పరీక్షింపజేయుటకు ప్రజలు తమ ధనమునుండి పెట్టు వ్యయమిది కావున, పల్నాడు జిల్లాలో నల్లమల చేరువనున్న బొల్లాపల్లి వంటి మారుమూల మండలమునకు సైతము ఇందు భాగము కలదు.

చరిత్ర

1913లో బరోడా సంస్థానము నెలకు 11.50 పౌన్ల చొప్పున మంజూరు చేసిన వేతనముతో భీమరావు అంబేద్కరు కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. బ్రిటిషు ఇండియాలో రాష్ట్రముల విత్తవ్యవస్థ పరిణమించిన తీరును గూర్చి ఆయన రచించిన సిద్ధాంతగ్రంథము 1925లో అచ్చయ్యెను. సంస్థానమిచ్చిన స్వల్పద్రవ్యము, పరపాలకుల ఆదాయవ్యయములను ఒక భారతీయుడు నిశితముగ శోధించిన గ్రంథమునకు ఆలంబనమైన ఈ ఉదంతము, ఇట్టి వేతనముల ప్రయోజనమునకు చక్కని నిదర్శనము.

స్వాతంత్ర్యానంతరము 1953లో ఏర్పడి 1956లో చట్టబద్ధమైన విశ్వవిద్యాలయ నిధుల సంఘమును, 1969లో నెలకొల్పబడిన భారత సాంఘికశాస్త్ర పరిశోధన మండలియును ఈ బాధ్యతను స్వీకరించినవి. మండలి దక్షిణ ప్రాంతీయ కేంద్రము ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యుడై స్థానిక స్వపరిపాలనపై గ్రంథములు వెలయించిన మామిడిపూడి వెంకటరంగయ్య తెలుగునాట ఈ శాస్త్రమునకు దారి తీర్చిన పెద్దలలో ఒకరు. గుంటూరులో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగ మొదలై 1976లో స్వతంత్రమైన నాగార్జున విశ్వవిద్యాలయము పల్నాటి విద్యార్థులకు అందుబాటులోనున్న పరిశోధనాపీఠము.

వేతన భేదములు

వీనిలో ప్రధానమైనది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు. 2023 జనవరి 1 నుండి అమలులోనున్న క్రమము ననుసరించి మొదటి రెండేండ్లు నెలకు రూ. 37,000, ప్రగతి సమీక్షింపబడిన పిమ్మట సీనియరు హోదాలో రూ. 42,000 లభించును, మొత్తము కాలపరిమితి అయిదేండ్లు. గ్రంథముల కొనుగోలు, ప్రయాణముల వంటి ఖర్చులకు వార్షిక నిధియు, గృహవసతి లేనివారికి ఇంటి అద్దె భత్యమును వేరుగ నుండును. సాంఘికశాస్త్ర పరిశోధన మండలియు డాక్టరేటు విద్యార్థులకు ప్రత్యేక వేతనముల నొసగుచున్నది.

షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు 2005–06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్పు ప్రారంభింపబడి, అనంతరము రెండు జాతీయ పథకములుగ విడివడెను. తెగలకు ఏటా 750 వేతనములు కేటాయింపబడినవి. సుగాలీ తండాలు పెక్కు గల బొల్లాపల్లి మండలమునకు ఇది మిక్కిలి ప్రధానమైనది. ఇతర వెనుకబడిన తరగతులకును ఇట్టి పథకము కలదు. అల్పసంఖ్యాకులకు ఉద్దేశింపబడిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు 2022లో నిలిపివేయబడినది.

ఎంపిక

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పునకు 1984 నుండి జాతీయస్థాయి పరీక్ష ద్వారా అర్హులను ఎన్నుకొనుచున్నారు. మూడు గంటలలో రెండు పత్రములకును కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. రాజనీతిశాస్త్రమునకు, ప్రభుత్వపాలనకు వేర్వేరు పత్రములున్నవి. భాషావిషయములకు తప్ప ప్రశ్నపత్రము ఆంగ్లమునను హిందీలోను మాత్రమే ఉండుటచేత, తెలుగు మాధ్యమమున పట్టభద్రుడైన గ్రామీణ విద్యార్థి విషయజ్ఞానముతో పాటు పరభాషను గూడ జయింపవలసి వచ్చుచున్నది. పరీక్ష నెగ్గిన పిమ్మట పర్యవేక్షకుని సంపాదించుకొనవలెను. 2022 నిబంధనల ప్రకారము ప్రొఫెసరు ఎనమండుగురికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మాత్రమే మార్గదర్శకత్వము వహింపవచ్చును.

పల్నాటి పరిశోధనాక్షేత్రము

1959లో పంచాయతీరాజ్య స్థాపన, 1984లో కరణ మునసబుల పదవుల రద్దు, 1986లో మండల వ్యవస్థ, 2019లో గ్రామ సచివాలయములు, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా ఆవిర్భావము: ఈ మార్పులన్నియు ఒక్క తరము పెద్దల జ్ఞాపకమున నిలిచియున్నవి. జిల్లాకేంద్రము గుంటూరునుండి నరసరావుపేటకు మారుటచే బొల్లాపల్లి రైతు అర్జీ త్వరితగతిని పరిష్కృతమగుచున్నదా యనునది సిద్ధాంతగ్రంథమునకు తగిన ప్రశ్న. 2023 నవంబరులో శంకుస్థాపన జరిగిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకము అటవీ, వన్యప్రాణి అనుమతుల గుండా నడచిన దారియు అట్టిదే.

ఇందుకు సాధనములు దగ్గరనే కలవు. గ్రామసభ తీర్మానముల పుస్తకము, ఉపాధిహామీ మస్టర్లు, మండల కార్యాలయపు దస్త్రములు ప్రథమాధారములు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయిలో దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ఆధారము లభించుటకు ధనముకంటె ఓపిక యెక్కువ అవసరము. ఒక తీర్మానపు నకలుకై పలుమార్లు తిరుగుటకును, తీర్మానములో వ్రాసినది తండాలో జరిగినదో లేదో ఇంటింట అడిగి సరిచూచుటకును వలసిన తీరికనే వేతనము సమకూర్చును.

పరిమితులు

విశ్వవిద్యాలయము ప్రతినెలయు విద్యార్థి హాజరును ఆన్‌లైనులో ధ్రువీకరించిననే నిధుల సంఘపు వేతనము విడుదలయగును. ఒక గుమాస్తా జాప్యము చేసినను చెల్లింపు ఆగును. ఇంటినుండి సొమ్ము తెచ్చుకొనలేని విద్యార్థికి అట్టి విరామము క్షేత్రపర్యటనమునే నిలిపివేయును. కావున వేతనము ఎంతయనుదానితో సమానముగ, ఎప్పుడు చేతికందుననునదియు ఈ పథకముల విలువను నిర్ణయించును.

పట్టము పొందిన గ్రంథములు శోధగంగయను జాతీయ భాండాగారమున భద్రపరుపబడుచున్నవి. అవి అధికభాగము ఆంగ్లమున నుండుట వలన, పరిశీలనకు విషయమైన గ్రామస్థులకు వాని ఫలితము తెలియుట అరుదు. ప్రజాధనముతో పూర్తియైన ప్రతి సిద్ధాంతగ్రంథమునకు తెలుగున సంగ్రహమును వ్రాయించి, సంబంధిత మండల పరిషత్తునకును గ్రామసభకును అందజేయు నియమము ఏర్పడవలెను. అప్పుడే ఈ వ్యయమునకు పూర్తి సార్థకత చేకూరును.