నెమలీక బెండు, అడవికోడి మెడ

ఆ కందికట్టె ఇంకో రెండు మంటలోకి తొయ్యి రా అబ్బీ. సలి గట్టిగానే ఉంది.

నువ్వు ప్లాస్టిక్ బెండు కొనాలంటాండావు గానీ, మా కాలంలో కర్నూలు-కడప కాలువలో గాలమేస్తే నెమలీక కాడే బెండు. వానలు ఎనకబట్టినాక నెమళ్లు తోకలు రాలుస్తాయి గదా, సేన్ల గట్లెంబడి ఏరుకొస్తాంటిమి. కన్నుండే కొసను ఆడపిల్లోళ్లు పుస్తకాల్లో దాసుకుంటాండ్రి. మాకు పనికొచ్చేది కాడ. లోపలంతా తెల్లగ, తేలిగ్గ ఉంటాది, నీళ్లు పీల్చదు. జానెడు ముక్క కోసి దారానికి కట్టి ఇసిరితే నిలువుగ నిలబడేది. చేప ఎర్రను ముట్టిందంటే సాలు, కాడ వణికేది.

మా జేజినాయన కాలువ బంగళాలో వంట చేసినోడు. ఆడికొచ్చే తెల్లదొరలు ఎర్రను ముట్టరని, ఈకలతో ఈగను కట్టి చేపను నమ్మిస్తారని ఆయప్ప చెప్తాంటే మేము నమ్మల్యా. నెమలికన్ను పక్కన మెరిసే పీచు ఉంటాది సూడు, దాన్ని కొక్కేనికి సుట్టితే పురుగు వొళ్లు. పుంజు మెడ ఈకను దాని మీద తిప్పితే పీచు నిక్కబొడుచుకుంటాది, అవి కాళ్లు. పట్టుదారంతో బిగిస్తే అయిపాయ. ఇదంతా కడుపుకు కాదు, సరదాకు! హెన్రీ సల్లివన్ థామస్ అని మద్రాసు సివిల్ సర్వీసు దొర 1873లోనే మన దేశంలో గాలమేసేదాని మీద పుస్తకం రాసినాడు. నేను బడిపంతులైనాక తెలిసింది, ముసలాయన కోతలు కొయ్యలేదని.

అన్నిట్లోకీ గిరాకీ అడవికోడిది. నల్లమలలో తెల్లారుజామున కూస్తాదే, ఆ బూడిదరంగు పుంజు. దాని మెడ ఈకల కొసన పసుపుపచ్చ సుక్కలు, లక్కబొట్టు పెట్టినట్టు గట్టిగ ఉంటాయి. స్కాట్లండులో సాల్మన్ చేపకేసే ఈగకు రెండు పక్కలా ఆ ఈకలు కడితే కండ్ల మాదిరి కనపడతాయి. దానికోసం కోళ్లను పట్టి, మెడతోలు వొలిచి, ఓడలెక్కించినారు. మనోళ్లు కూరకు పట్టినా కోడంతా తింటాండ్రి, ఇది మెడ కోసం కోడిని సంపడం. 1902లో తెల్లోళ్ల సర్కారే ఈకల ఎగుమతి మీద నిషేధం పెట్టె. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చె. ఇప్పుడు పరదేశాల్లో ఆ కోళ్లను పెంచి ఈకలమ్ముతాండారు.

దొర పారేసిన ఈగ ఒకటి జేజినాయన డబ్బాలో ఉంటే, ఎత్తుకపోయి కాలువలో ఏసినా. ఆ ఎర్రబురద నీళ్లలో దాని తళుకు ఏ చేపకు కనపడతాది? మద్యాన్నం దాకా సూసి, దానికే ఒక ఎర్రను గుచ్చినా. జెల్ల పడె.