సోఫా విప్పితే మంచం

సంక్రాంతికి వారం ముందు వినగడపలో మా వసారాలో సోఫాను బోర్లా తిరగేశాను. మధ్య సీటులో కూర్చున్న చుట్టం లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిన పరిస్థితి. బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోండని ఒక దుకాణంలో తేల్చేశారు. ఎలాగూ పారేసేదే కదా అని కటింగ్ ప్లేయరు పట్టుకుని అడుగున ఉన్న పిన్నులు ఒక్కొక్కటే పీకాను. నల్ల గుడ్డ ఊడింది. దాని వెనక అడ్డంగా, నిలువుగా, ఒకదాని కిందనుంచి ఒకటి దూర్చి అల్లిన పట్టీలు. పట్టీల మీద గోనెగుడ్డ, గోనె మీద కొబ్బరి పీచు, ఆ పైన ఫోము. చెక్క నిక్షేపంలా ఉంది. పట్టీలు మాత్రం సాగి వేలాడుతున్నాయి.

అది నవారు. ఇరవై ఏళ్లుగా పూల గుడ్డ కప్పుకుని మా హాల్లో కూర్చున్నది తాతల కాలం నాటి నవారు మంచమే. ఆ మంచం కుక్కి అయితే ఇంట్లోవాళ్లే విప్పి బిగించుకునేవారు. సోఫా కుక్కి అయితే పారేయమంటున్నారు. మధ్యలో ఏం జరిగిందో చూడాలనిపించింది.

మంచంతోనే మొదలుపెట్టాలి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టె చివర సన్నగా చెక్కి కోడు బెజ్జంలోకి దిగ్గొడితే చాలు, మేకుతో పనిలేదు. ఇదంతా వడ్రంగి పని. ఆ తర్వాతది రైతు ఇంటి పని. గోగు కోసి, కట్టలు కట్టి, నీళ్లలో రెండు మూడు వారాలు నాననిస్తే బెండు నుంచి నార విడిపోతుంది. వినగడప పక్కన కట్టలేరు పారుతుంది. ఇలాంటి వాగుల ఒడ్డున ఉన్న ఊళ్లకు నార నానేయడానికి వేరే చెరువు వెతుక్కునే అవసరం రాలేదు. ఆరిన నారను తొడ మీదో చేతుల మధ్యో పురి పెట్టి పేనితే నులక. ఆకు పచ్చడికి, నార మంచానికి: గోంగూరను తిండి సరుకుగా మాత్రమే తలుచుకునే మనం ఆ మొక్క మీదే పడుకున్న సంగతి మరిచిపోయాం. గోగు లేనిచోట జనుము, కోస్తాలో కొబ్బరి పీచు.

నులక మంచంలో అసలు తెలివి కాళ్ల వైపు ఉంటుంది. అల్లికను తలవైపు నుంచి మొదలుపెట్టి కాళ్ల పట్టె దాకా తీసుకురారు. జానెడు ముందే ఆపి, మిగిలిన ఖాళీలో పట్టెకూ అల్లికకూ మధ్య విడిగా తాడు తిప్పుతారు. నులక సాగినప్పుడు మొత్తం విప్పక్కర్లేదు, ఆ తాడు ఒక్కటీ లాగి కడితే మంచం మళ్లీ గట్టిపడుతుంది. అంటే వస్తువు సాగుతుందని తయారుచేసేటప్పుడే ఒప్పుకుని, సాగినప్పుడు ఏం చేయాలో కూడా దాంట్లోనే పెట్టారు. నల్లులు పడితే మంచాన్ని ఎండలో నిలబెట్టి, కోళ్ల బెజ్జాల్లో మరిగిన నీళ్లు పోసేవారు. అప్పటికీ పోకపోతే నులక విప్పి కొత్తది అల్లేవారు. చెక్క తరాల పాటు నిలిచేది, నులక కొన్నేళ్లకే మారేది. ఎక్కువకాలం ఉండేదీ తక్కువకాలం ఉండేదీ విడివిడిగా, కంటికి కనపడేలా ఉండడం వల్లే ఆ మరమ్మతు ఇంటివాళ్ల చేతిలో ఉంది.

14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను కొలువుకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ మంచాన్ని చూసి ముచ్చటపడ్డాడు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, మధ్యలో పట్టుతోనో నూలుతోనో అల్లిక. దానికదే మెత్తగా సాగుతుంది కాబట్టి కింద మరేదీ పరవక్కర్లేదని రాశాడు. ఒక మనిషి మోసేంత తేలిక అనీ, ప్రయాణికుడు ఎవడి మంచం వాడు వెంట తీసుకెళతాడనీ కూడా రాశాడు. ఈ చివరి మాటలో ఒక మెలిక ఉంది. ఆ మంచాన్ని నెత్తిన మోసేది యజమాని కాదు, బానిస.

సింహాసనాల సంగతి వేరు. వినగడపకు మరీ దూరం కాని జగ్గయ్యపేటలోనూ, కృష్ణ అవతల అమరావతిలోనూ దొరికిన బౌద్ధ శిల్పాలు ఎక్కువగా చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. అమరావతి పలకల్లో బుద్ధుడి బదులు ఖాళీ సింహాసనం చెక్కినచోట దాని మీద ఉబ్బెత్తుగా మెత్తలు కనిపిస్తాయి. అంటే మెత్త మనకు కొత్త కాదు, రెండు వేల ఏళ్ల నాటిది. అయితే అది ఆసనానికి అతికించింది కాదు. పైన వేసేది, తీసేది, ఎండలో పెట్టేది.

పరుపు కూడా అంతే. బూరుగు దూది నున్నగా, పొట్టిగా ఉండి వడకడానికి లొంగదు. అందుకే దాన్ని దిండ్లలో కూరారు. పత్తి దూది కొన్నేళ్లకు ఉండలు కట్టి అణిగిపోతుంది. అప్పుడు దూదేకులవారు విల్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చేవారు. వింటి నారి దూదిలో పెట్టి కొయ్యగుండుతో కొడితే ఒక్కో పోగూ విడిపోయి అదే దూది రెండింతలు పొంగేది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య ఈ దూదేకుల కులంవాడే. పాత పరుపు పారేయడమన్న ఆలోచనే లేదు, ఏకించడమే. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత. తక్కువ ఖర్చులో ఇంటికి కొత్త కళ అంటూ ఇవాళ ఫోన్లలో చూపించే పని మన ముసలమ్మలు చత్వారపు కళ్లజోడుతో చేసిందే.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఎందుకంటే ఇది మన జిల్లా కథ. మా ఊరు 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు కృష్ణా జిల్లా, దాని ముఖ్యపట్టణం మచిలీపట్నం. మనకు సోఫా అనే మాటే తెలియని కాలంలో యూరప్‌వాళ్ల కుర్చీలకూ మంచాలకూ మన తీరం బట్ట కప్పారు. కరక్కాయ, పాలు పట్టించిన నూలు బట్ట మీద కలంతో గీసి, చిరువేరుతో ఎరుపు ఎక్కించిన కలంకారీ అది. వాళ్ల రంగులు ఉతికితే పోయేవి, మనవి ఉతికిన కొద్దీ తేటపడేవి. రోజూ మనిషి ఒళ్లు రాసుకునే బట్టకు అంతకంటే కావలసింది ఏముంది? పెద్ద మంచం దుప్పట్లను పలంపోర్ అన్నారు. పలంగ్‌పోష్, అంటే మంచం కప్పు అనే మాట తెల్లవాళ్ల నోట్లో అలా నలిగింది. దెబ్బకు అక్కడి నేతగాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్స్ 1686లోనే నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో అద్దకం బట్ట దిగుమతిని ఆపే చట్టం చేసింది. అదీ చాలక 1721లో ఇంకో చట్టం చేసి, ఆ బట్ట ఒంటి మీద వేసుకోవడంతోపాటు ఇంటి సామాను మీద వాడడాన్ని కూడా నేరం చేసింది. కుర్చీకి ఏ గుడ్డ కప్పాలో పార్లమెంటు తీర్మానించిందన్నమాట! 1770ల్లో లండన్‌లో పేరుమోసిన నటుడు డేవిడ్ గారిక్‌కు కలకత్తా నుంచి కానుకగా వచ్చిన మచిలీపట్నం మంచం తెరలను కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నారు. ఆ బట్ట ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

బట్ట అటు వెళితే కుర్చీ ఇటు వచ్చింది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు దొరల నమూనాలు చూసి, దంతం పొదిగిన కుర్చీలూ బల్లలూ చేసి వాళ్లకే అమ్మారు. ఆ కుర్చీల సీట్లు చాలావరకు పేము అల్లికే. యూరప్ కుర్చీలో గుర్రపు వెంట్రుకలు కూరి పైన మఖమలు బిగించేవారు. మన ఉక్కలో దాని మీద ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది సంగతి. పేము అయితే గాలి ఆడుతుంది, చెమట నిలవదు. తర్వాత తాలూకా కచేరీల దగ్గర్నుంచి బడి హెడ్మాస్టరు గది దాకా అదే పాకింది. చట్రం చుట్టూ బెజ్జాలు పెట్టి, నిలువుగా రెండు, అడ్డంగా రెండు, ఐమూలగా రెండు వరసలు తిప్పితే తేనెపట్టు కన్నులు వస్తాయి. వేళ్ల స్పర్శతోనే సాగే పని కనుక అంధుల పాఠశాలల్లో నేర్పేవారు. ఆఫీసు కుర్చీలకు పేము అల్లి బతికిన చూపులేనివాళ్లు ఎందరో. మన వస్తు చరిత్రలో వాళ్లకు ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

నా దృష్టిలో సొంత చేతి మరమ్మతుకు పరాకాష్ఠ వాలు కుర్చీ. మడిచే చట్రం, పైనా కిందా రెండు కర్రలు, మందపాటి చారల గుడ్డ. గుడ్డ రెండు చివర్లా గొట్టంలా మడిచి కుడితే కర్ర దూరుతుంది. మాసిందా, కర్ర లాగి చాకిరేవుకు వేయి. చిరిగిందా, రెండు గజాల గుడ్డ, దర్జీ దగ్గర రెండు కుట్లు. దాని మీద పడుకుని పేపరు చదివిన తరానికి సోఫా మెకానిక్కు అనేవాడు అక్కర్లేకపోయాడు.

1970లు, 80లు వైరు కాలం. ఇనుప ఊచలతో గుండ్రటి చట్రం, దానికి రంగురంగుల ప్లాస్టిక్ వైరు. వైరు బుట్ట అల్లడం వచ్చిన ఆడపిల్లలు అదే చేత్తో కుర్చీ కూడా అల్లేశారు. నూలు నవారు పోయి నైలాను నవారు వచ్చింది. అది తడిసినా కుళ్లదు, కానీ ఎండకు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. ఏది తెగినా ఏం తెగిందో కళ్లకు కనపడేది, బజారుకెళ్లి తెచ్చుకునేవారు.

కథ అడ్డం తిరిగింది సోఫాతో. దాని వెనక ఉన్న కనిపెట్టుళ్లన్నీ పరాయి దేశాల్లో జరిగాయి. 1822లో వియన్నాలో సీటు కింద స్ప్రింగులకు పేటెంటు. మాంచెస్టర్ దగ్గర తయారైన తోలులాంటి పూత గుడ్డ రెక్సిన్. అది కంపెనీ పేరని మనకు తెలియదు, సరుకు పేరే అనుకున్నాం. 1929లో డన్‌లప్ కంపెనీవాళ్లు రబ్బరు పాలను గిలక్కొట్టి నురగ చేసి గట్టిపరిచారు. అందుకే ఇప్పటికీ మన పెద్దవాళ్లకు మెత్తటి పరుపేదైనా డన్‌లప్ పరుపే. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ పాలీయురేతేన్ కనిపెడితే, 1950ల నాటికి దాన్నుంచి చవక ఫోము వచ్చింది. ఇవన్నీ చివరికి పెళ్లి సారెతో లారీ ఎక్కి మన ఊళ్లకు దిగాయి. బీరువా, డబుల్ కాట్, డ్రెస్సింగ్ టేబులు, వాటి పక్కన ప్లాస్టిక్ కవరు తీయని సోఫా సెట్టు. అలా ఆ కవరు తోటే ఏళ్ల తరబడి వాడిన ఇళ్లు నాకు తెలుసు.

అయినా ఫోము తప్పిస్తే మా సోఫా లోపల కొత్తదేమీ లేదు. నవారుంది, పీచుంది, గోనె ఉంది. కోస్తాలో మిల్లులు గోనె నేసింది చాలావరకు అదే గోగునారతో. అసలు మార్పల్లా పైన కప్పి మేకులు కొట్టిన గుడ్డ. మొదటిసారిగా సాగే భాగం కంటికి కనపడకుండా పోయింది. కనపడనిదాన్ని ముట్టుకోవడానికి మనిషి జంకుతాడు. ఊళ్లో వడ్రంగికి రెక్సిన్ పని రాదు. రెక్సిన్ పని వచ్చినవాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటిచోట లారీ సీట్లు కుట్టేవాళ్లు. వాళ్ల శిష్యులు చిన్న పట్టణాల్లో బండి సీటు కవర్ల షాపులు పెట్టుకుని, పక్క పనిగా సోఫాలు పట్టారు. 1990ల తర్వాత ప్లాస్టిక్ కుర్చీ వచ్చి మరమ్మతు అనే మాటనే చెరిపేసింది. అందులో విప్పడానికి ఏమీ లేదు, అంతా ఒకే పోత. కాలు విరిగితే పాత సామాన్లవాడికి ఉల్లిపాయల కింద వేయడమే.

ఇప్పుడు మళ్లీ జనం సోఫాలు విప్పుతున్నారు. కరోనా లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూర్చుని విసిగి కొందరు, ఫోన్లో వీడియోలు చూసి కొందరు. వీడియోల్లో చివరి పది నిమిషాలే అందంగా ఉంటాయి. అసలు పని పాత పిన్నులు పీకడం, దానికే ఒక రోజు పోతుంది. నేను చేసిన తప్పులు చెబితే ఎవరికైనా పనికొస్తాయి. పాత గుడ్డను కోపంతో చింపేశాను. దాన్ని జాగ్రత్తగా విప్పితే అదే కొత్త గుడ్డకు కొలత. ఫోము వేలితో నొక్కి మెత్తగా ఉందని కొన్నాను. మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్నదే డెన్సిటీ. రోజూ కూర్చునే సీటుకు 32, వీలైతే 40 ఉండాలి. అంతకంటే తేలికది తొందరగా అట్టలా అణుగుతుంది. గుడ్డ బిగించేటప్పుడు ఒక మూల నుంచి మొదలుపెడితే ఆ చివరికి ముడతలన్నీ చేరతాయి. నాలుగు వైపులా నడిమధ్య ఒక్కో పిన్ను కొట్టి, అక్కడ్నుంచి మూలలకు జరగాలి. మూల చివరన.

గుడ్డకు మాత్రం పెడన కలంకారీ తెచ్చాను. ఇప్పుడది ఎక్కువగా అచ్చుల అద్దకమే. 1721 చట్టం నడిచిన కాలపు లండన్‌లో అయితే నా మీద కేసు పెట్టేవాళ్లు. సోఫాకు అది పలచనని తెలిసీ వేశాను, కింద ఒక పొర మందపాటి నూలు గుడ్డ ఇచ్చాను.

నవారు కొత్తది, మూడంగుళాలది, గట్టిగా లాగి బిగించాననే అనుకున్నాను. పాలు పోయడానికి వచ్చిన వెనకింటి పెద్దాయన బోర్లించి ఉన్న సోఫా చూసి ఆగాడు. వంగి అరచేత్తో ఒకసారి చరిచాడు. చెవి దగ్గర పెట్టి మళ్లీ చరిచాడు.

“మోగట్లేదురా అబ్బాయ్. కాళ్ల వైపు ఇంకో పట్టు పట్టు.”

సోఫాకు కాళ్ల వైపు ఎటో నాకు తెలియలేదు. ఆయనకు తెలిసింది. వచ్చి ఒక కాలు చట్రానికి తన్నిపెట్టి, పట్టీ కొసను చేతికి చుట్టుకుని, నన్ను పిన్నులు కొట్టమన్నాడు.