ఆరుగురికి ఒక అన్న, ఒక అక్క



అడ్మిషన్ల కాలం వచ్చింది. మన గూడేల నుంచి, తండాల నుంచి ఎంతోమంది తమ్ముళ్లూ చెల్లెళ్లూ మూటా ముల్లె సర్దుకుని యూనివర్సిటీలకు బయల్దేరుతున్నారు. సీటు వచ్చినోళ్ల ఫొటోలు గ్రూపులో పెట్టుకుంటున్నాం, సంతోషం. కానీ పోయినేడు సీటు వచ్చినోళ్లలో రెండో సెమిస్టర్‌కి ఎందరు మిగిలారు? మధ్యలో వెనక్కి వచ్చేసినోళ్లను ఎవరైనా కూర్చోబెట్టి అడిగామా? ఊళ్లో అయితే "చదువు ఎక్కలేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

అసలు సంగతి వేరే. కొత్తగా వచ్చిన విద్యార్థి నిలబడాలంటే తోడు కావాలి. ఈ మాట ఈ దేశంలో చాలా ముందు నుంచే కొందరికి తెలుసు. దాని మీద పథకాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, రూల్స్ కూడా వచ్చాయి. ఆ చరిత్ర మనకు తెలియదు కాబట్టే, హక్కుగా అడగాల్సినదాన్ని దయ అనుకుని ఊరుకుంటున్నాం.

మొదట భాషతో మొదలుపెడదాం. పర్లాకిమిడిలో టీచర్‌గా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారిని వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా అందరూ తలుచుకుంటారు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించిన సంగతి తక్కువమందికి తెలుసు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలియని భాషలో పాఠం చెబితే పిల్లాడు బడికి ఎందుకొస్తాడు అన్నది ఆయన పట్టుకున్న సూత్రం.

ఇటు ఆదిలాబాద్‌లో 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారుచేశారు. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. బడి గోడల కంటే ముందు బడిలో నిలబడే మనిషిని తయారుచేశారు. పిల్లాడు లోపలికి అడుగు పెట్టగానే తన భాషలో పలకరించే తనవాడు ఎదురుగా ఉంటాడు. సర్కారు దాన్ని భయంతో చేసిందా, ప్రేమతో చేసిందా అన్నది పక్కన పెడితే, ఆ పద్ధతి మాత్రం సరైనది.

తర్వాత డబ్బు సంగతి. అంబేడ్కర్ 1913లో కొలంబియాకు వెళ్లగలిగింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. పేద పిల్లాడికి ఆ సాయం విలువేంటో ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1948-49 నుంచి దాన్ని ఎస్టీలకూ ఇచ్చారు. మనం ఈరోజు "ఫీజు, మెస్ ఛార్జీ" అంటున్న దానికి మూలం అదే. ఆ తర్వాత హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక, దాంతోపాటు ఐటీడీఏలు వచ్చాయి. 1999లో గిరిజన గురుకులాల సొసైటీ ఏర్పడింది. ఇవన్నీ లేకపోతే ఈ పోస్టు రాసేవాళ్లూ లేరు, చదివేవాళ్లూ లేరు.

అయితే ఈ సాయం చాలావరకు మనల్ని యూనివర్సిటీ గేటు దాకా తెచ్చి వదిలింది. ఇంటర్ దాకా మనోళ్ల మధ్యే పెరిగిన పిల్ల ఒక్కసారిగా వేలమందిలో పడుతుంది. క్లాసు మొత్తం ఇంగ్లీషులో సాగుతుంది. ఇంటర్నల్ అంటే ఏంటి, అసైన్‌మెంట్ ఎలా రాయాలి, లైబ్రరీ కార్డు ఎక్కడిస్తారు, బోనఫైడ్ ఎవరి సంతకంతో తేవాలి, ఇవన్నీ పక్కవాళ్లకు ఇంట్లోనే అన్నయ్యో బాబాయో చెప్పేసి ఉంటారు. మనకు చెప్పేవాళ్లు లేరు. దానికి తోడు "ఏ కోటా?" అనే ప్రశ్న. స్కాలర్‌షిప్ లేటయితే మెస్ బిల్లు మెడ మీద ఉంటుంది.

గేటు లోపల ఏం జరుగుతోందని చూడటం బాగా ఆలస్యంగా మొదలైంది. 1983 నుంచి యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్ పెట్టడానికి యూజీసీ డబ్బు ఇవ్వసాగింది. రిజర్వేషన్ అమలవుతోందా చూడటం, ఫిర్యాదులు తీసుకోవడం దాని పని. చాలాచోట్ల అది లెక్కలు పంపే గదిగానే మిగిలింది. 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఉందన్న ఫిర్యాదుల మీద సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేశారు. 2007లో రిపోర్టు వచ్చింది. టీచర్ల నుంచి తగిన సాయం అందడం లేదని, హాస్టల్లో కూడా వేరుచేస్తున్నారని విద్యార్థులు చెప్పింది అందులో రాశారు. ఇంగ్లీషులో, మౌలిక సబ్జెక్టుల్లో అదనపు తరగతులు పెట్టాలని, సమాన అవకాశాల ఆఫీసు ఉండాలని చెప్పారు. "ఎక్కలేదు" అంటున్న చదువు వెనక ఏముందో దేశంలోని అతి పెద్ద వైద్య సంస్థ గురించే అధికారికంగా రాసిన కాగితం అది.

2009లో హిమాచల్‌లో ఒక మెడికల్ విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాడు. అదే ఏడాది యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది. 2012లో సమానత్వ నిబంధనలు వచ్చాయి. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూడటానికి ఒక అధికారి ఉండాలి అని అవి చెప్పాయి. కాగితం మీద బాగానే ఉంది. 2016 జనవరిలో హైదరాబాద్‌లో రోహిత్ వేముల పోయాడు. 2019 మేలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ పోయింది. ఆమె మన ఆదివాసీ బిడ్డే, తడ్వీ భిల్లు. సీనియర్లు వేధించారన్న ఆరోపణల మీద కేసు నమోదైంది. ఆ ఇద్దరి తల్లులు, రాధిక వేముల, ఆబేదా తడ్వీ, అదే ఏడాది కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఉన్న నిబంధనలు అమలు చేయించమని అడిగారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కోర్టు మెట్లెక్కి, రాసి ఉన్న రూల్‌నే అమలు చేయమని అడగాల్సి వచ్చింది. ఈ చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

2025 మార్చిలో విద్యార్థుల ఆత్మహత్యల మీద సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. జులైలో విశాఖలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒక్కరైనా ఉండాలని చెప్పింది.

వరసగా చూస్తే ఒకటి అర్థమవుతుంది. కమిటీ అయినా, రూల్ అయినా ఎవరో ఒకరు నష్టపోయాకే వచ్చింది. కాబట్టి వాటిని వాడకుండా వదిలేయడం ఆ పోయినోళ్లకు చేసే అన్యాయం.

ఇప్పుడు అసలు మాట. ఆ 2009 నిబంధనల్లో మనలో చాలామంది చదవని ముక్క ఒకటుంది. కొత్త విద్యార్థుల్ని చిన్న గుంపులుగా చేసి ఒక్కో గుంపును ఒక్కో టీచర్‌కి అప్పగించాలి. పైగా ప్రతి సంస్థలో మెంటరింగ్ సెల్ ఉండాలి, ఆరుగురు కొత్తవాళ్లకు ఒక సీనియర్ చొప్పున తోడుండాలి. ర్యాగింగ్ ఆపమన్న రూలే, "అన్నగా, అక్కగా ఉండండి" అని కూడా చెప్పింది.

కొత్తగా చేరిన తమ్ముడూ, చెల్లీ! మొదటి వారంలోనే నాలుగు అడగండి. ఎస్సీ, ఎస్టీ సెల్ ఎక్కడ? సమాన అవకాశాల సెల్ బాధ్యులు ఎవరు? మా మెంటర్ ఎవరు? కౌన్సిలర్ ఏ టైమ్‌లో ఉంటారు? లేదంటే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి. ర్యాగింగ్ జరిగితే 1800-180-5522కి ఫోన్ చేయండి. మనసు బాగోకపోతే దాచుకోకండి, గ్రూపులో ఎవరికైనా ఒక్క మెసేజ్ పెట్టండి.

సీనియర్లూ, మెంటరింగ్ సెల్ పెట్టేదాకా ఆగొద్దు. మన క్యాంపస్‌లో కొత్తగా వచ్చిన ఆదివాసీ విద్యార్థుల లిస్టు రాసుకుని ఆరుగురిని పంచుకుందాం. బ్యాంకుకు, స్కాలర్‌షిప్ సెక్షన్‌కు వెంట వెళ్దాం. పాత ప్రశ్నపత్రాలు ఇద్దాం. వారానికోసారి మెస్‌లో పక్కన కూర్చుని గోండీలోనో, కోయలోనో, సవరలోనో, లంబాడీలోనో "తిన్నావా?" అని అడుగుదాం.

మార్లవాయిలో 1943లో చేసింది కూడా అదే. ముందు మనిషిని నిలబెట్టారు. మీ క్యాంపస్ పేరు, మీరు తీసుకునే ఆరుగురి సంగతి కింద రాయండి. లిస్టు ఈ వారమే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.