పిల్లల మాంత్రిక కథలతో మంచి నడవడి నేర్పడం ఎలా?

మంత్రాలు, మాంత్రికులు ఉండే కథలు చదివితే పిల్లలు చెడిపోతారని మన ఇళ్లలో కొందరు పెద్దలు ఇప్పటికీ అంటుంటారు. కానీ మన తరం మంచీచెడూ తెలుసుకున్నది చాలావరకు అలాంటి కథల నుంచే.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' మొదలుపెట్టారు. తెలుగుతోపాటు తమిళంలో 'అంబులిమామ'గా వచ్చిన ఆ పత్రిక, తరువాత కన్నడం, మరాఠీ, ఒడియా వంటి భాషల్లోకీ వెళ్లింది. అందులోని భేతాళ కథలు మనకు గుర్తే. భేతాళుడు కథ చెప్పి, నీతి చెప్పడు; చిక్కు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు ఆలోచించి, కారణంతో సహా జవాబు చెప్పాలి. చదివే పిల్లలు కూడా తమ తీర్పు తాము చెప్పుకునేవారు.

ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. మన మనవలు చదివేది హ్యారీ పోటర్. రౌలింగ్ రాసిన ఈ ఏడు పుస్తకాలు 1997 నుంచి 2007 వరకు వెలువడ్డాయి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. పుస్తకం ఇంగ్లీషులో చదివినా, దాని మీద మాటలు తెలుగులో సాగించవచ్చు. భేతాళుడి పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. మచ్చుకు మూడు ఘట్టాలు:

1. నెవిల్: మొదటి పుస్తకంలో స్నేహితులు రాత్రిపూట నియమం మీరి బయటికి పోతుంటే అడ్డు నిలుస్తాడు. చివరికి ఆ ధైర్యానికి హెడ్మాస్టరు 10 పాయింట్లు ఇస్తారు. వాళ్లు వెళ్లింది మంచి పనికే కదా, మరి నెవిల్ ఆపడం తప్పా, ఒప్పా?

2. క్రీచర్: ఇంటి చాకిరీ చేసేవాడు. తనను ఈసడించిన యజమానికి ద్రోహం చేస్తాడు. తరువాత హ్యారీ ఆదరంగా మాట్లాడితే మారిపోతాడు. ఆ ద్రోహంలో యజమాని తప్పెంత? మన ఇంట్లో పనిచేసేవారిని మనం ఎలా పిలుస్తున్నాం?

3. టోపీ: ఏ పిల్లలు ఏ జట్టులో ఉండాలో అదే చెబుతుంది. స్లిథరిన్ జట్టు వద్దని హ్యారీ కోరుకుంటాడు. మంచితనం పుట్టుకతో వస్తుందా, మనం ఎంచుకునే దారిని బట్టి వస్తుందా?

హ్యారీ అబద్ధాలూ ఆడతాడు, నియమాలూ మీరుతాడు. ఆ సంగతి దాటవేయకుండా, దాని మీదా అడగాలి.

మేము సూచించే పద్ధతి ఇది. వారానికి ఒక్క ఘట్టం చాలు. కథ పిల్లలే తెలుగులో చెప్పాలి. మాట తట్టకపోతే తమిళమో, కన్నడమో, ఒడియానో కలిపినా ఫరవాలేదు. మధ్యలో ఆపి దిద్దవద్దు. పెద్దలు ఒకే ప్రశ్న వేయాలి, 'ఎందుకు?' అని తప్పక అడగాలి. తమ అభిప్రాయం చివరన చెప్పాలి. ఉపన్యాసం వద్దు.

తాతయ్యతో, అమ్మమ్మతో 'తిన్నావా, పడుకున్నావా' దాటి తెలుగు మాట్లాడని పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. న్యాయం, కనికరం, మాట తప్పడం, నమ్మకద్రోహం వంటి మాటలు వాడే అవసరమే రాకపోతే, వాటిని వాళ్లు ఇంకెక్కడా నేర్చుకోరు. మంచిచెడ్డలు మనతో, మన భాషలో మాట్లాడుకునే అలవాటు వారికి ఉండాలంటే, వారు ఇష్టపడి చదివే కథ దగ్గరే మొదలుపెట్టడం మేలు.