హాస్పిస్ సేవల నాణ్యత, పర్యవేక్షణ (అమెరికా)

నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారికి నొప్పి, ఆయాసం తగ్గించి, కుటుంబానికి అండగా నిలిచే సేవ హాస్పిస్. అమెరికాలో 1982 నాటి చట్టం దీన్ని మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉద్దేశించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిధిలోకి తెచ్చింది. ఆయుష్షు ఆరు నెలలకు మించకపోవచ్చని వైద్యులు ధ్రువీకరించాలి.

సేవ ఎక్కువగా ఇంట్లోనే సాగుతుంది. మెడికేర్ రోజుకింతని చెల్లిస్తుంది; నర్సు రాని రోజుకూ సొమ్ము అందుతుంది. కాబట్టి తనిఖీ సడలితే నష్టపోయేది మంచాన ఉన్న మనిషే. అయినా చాలాచోట్ల ఏళ్ల తరబడి తనిఖీలు జరగలేదు. చివరకు మూడేళ్లకోసారి తనిఖీని తప్పనిసరి చేసింది 2014 చట్టం. 2012–16 నాటి తనిఖీలను పరిశీలించిన ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, 80 శాతానికి పైగా సంస్థల్లో కనీసం ఒక లోపమైనా ఉందని 2019లో తేల్చింది. అప్పటికి అధికారుల చేతిలోని గట్టి ఆయుధం మెడికేర్ గుర్తింపు రద్దు ఒక్కటే. దాన్ని వాడితే ఆ సంస్థ రోగులు ఉన్నపళంగా మరో చోటు వెతుక్కోవాలి. జరిమానా వంటి మధ్యేమార్గాలకు 2020 డిసెంబరు చట్టం దారి ఇచ్చింది.

2015 నుంచి, రోగి మరణించాక కుటుంబాన్నీ అడుగుతున్నారు: నొప్పికి తగిన సాయం అందిందా, రాత్రివేళ పిలిస్తే పలికారా అని. రోగి ఇక చెప్పలేని సంగతులు వారికే తెలుసు.