బంగారు గని పక్కన రాగి చేను

కోలారు జిల్లా చరిత్ర అనగానే బంగారు గనులే తలపుకు వస్తాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడే దాకా ఆ కథను చాలామంది రాశారు. ఆ గనుల చుట్టూ రాగి చేలను నమ్ముకుని బ్రతికిన మన తెలుగు రైతు కథకు మాత్రం పుటలు తక్కువ.

ఈ సీమకు జీవనది లేదు. పాలారు, పినాకిని వానొస్తేనే పారుతాయి. అందుకే పెద్దలు వాననీటిని చెరువుల్లో పట్టారు. 2007లో చిక్కబళ్లాపురం విడిపోక ముందు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులుండేవి. పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండేది. తూము తెరిచి వంతు ప్రకారం నీళ్లు పెట్టేవాడు నీరుగంటి. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలది. నీటి లెక్క వారి చేతిలో, భూమి ఇతరుల చేతిలో.

సేద్యమంతా కార్తెల లెక్క. రోహిణి, మృగశిర వానలకు దుక్కి. పునర్వసు, పుష్యమి కార్తెల్లో గొర్రుతో రాగి విత్తు. మధ్యమధ్య అనప, కంది, ఆముదం సాళ్లు. ఒకటి పోయినా మరొకటి ఇల్లు చేరాలని. కార్తీక, మార్గశిరాల్లో కోత. కుప్ప వేసి, తీరిక చూసి రాతిగుండుతో నూర్చి, మిగిలిన గింజలు పాతరలో పోసేవారు. రాగికి పురుగు త్వరగా పట్టదు. కరువేటికి అదే ధైర్యం. సంక్రాంతి చలికి సంగటి, పితికిపప్పు. వేసవిలో కపిల బావి కింద కూరగాయల మళ్లు.

1902లో శివనసముద్రం నుండి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బేతమంగళం చెరువు నీళ్లూ గొట్టాల్లో గనులకు చేరాయి. పక్క పల్లెల్లో మాత్రం ఎద్దులు కపిల లాగుతూనే ఉన్నాయి.

ఆలస్యంగా పల్లెకూ కరెంటు వచ్చింది; దాని వెంట మోటారు, బోరు. మేలు జరగలేదనలేము. టమాట, పట్టు చేతికి డబ్బు చూపించాయి, పిల్లలు చదువుకున్నారు. కాని ఎవరి బోరు వారిదయ్యాక చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. పూడిక తీసేవారు లేరు, నీరుగంటికి పని లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. నీళ్లలో ఫ్లోరైడు పైకి వచ్చింది.

2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కె.సి. వ్యాలీ పథకం ద్వారా మన చెరువులకు పంపుతున్నారు. ఎండిన బావుల్లో మళ్లీ నీరు ఊరింది. ఆ నీటి శుభ్రత మీద వివాదమూ ఉంది.

చెరువును ఎలాగో నింపవచ్చు. మాటను నింపేదెలా? మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, అది న్యాయమే. ఇక్కడి తెలుగు పుస్తకంలో కంటే పొలంలోనే బ్రతికింది. మరవ, కపిల, గొర్రు, పాతర — పని పోతే పేరూ పోతుంది. ఇంట్లో కార్తెలు తెలిసిన పెద్దలుంటే, ఈ సంక్రాంతికి వారి పక్కన కూర్చుని, వారి మాటల్లోనే రాసిపెట్టండి. ఏ లిపిలో రాసినా సరే.