నేతాజీ మరణం, నమ్మని జనం: కుట్ర సిద్ధాంతాలపై ఒక సంశయవాద పరిశీలన

కుట్ర సిద్ధాంతాల మీద మన పత్రికల్లో వస్తున్న పరిశోధన వ్యాసాలు చాలావరకు అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాడ్టర్ దగ్గర మొదలై ఆయన దగ్గరే ఆగిపోతున్నాయి. అమెరికా మితవాదుల అనుమానాలను ఆయన 1964లో ‘పారనాయిడ్’ ధోరణి అన్నాడు. తాను ఆ మాటను వైద్యార్థంలో వాడటం లేదని చెప్పుకున్నాడు, నిజమే. ఆయన బాటలో నడిచినవాళ్లు మాత్రం నమ్మకాన్ని జబ్బులాగే చూశారు. జబ్బు అనుకున్నాక రోగి చెప్పే కారణాలు వినాల్సిన పని ఎవరికుంటుంది?

నేను విన్నాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్వాతంత్ర్యోద్యమ జ్ఞాపకాలు సేకరిస్తున్నప్పుడు నేతాజీ పేరెత్తితే చాలు, పెద్దవాళ్ల మాట ఆయన ఎక్కిన చివరి విమానం మీదికి మళ్లేది. రేపల్లె ప్రాంతపు రైతు ఒకాయన నన్నే ఎదురడిగాడు: “అంతకుముందూ చచ్చిపోయాడనే చెప్పారు గదండీ. మళ్లీ రేడియోలో మాట్లాడలా?”

ఆ ప్రశ్నకు చరిత్రలో బలమైన ఆధారం ఉంది. 1942 మార్చిలో బోసు విమాన ప్రమాదంలో మరణించాడని వార్త వచ్చింది. గాంధీజీ ఆయన తల్లికి సంతాపం కూడా పంపారు. కొద్ది రోజులకే ఆ వార్త తప్పని తేలింది, బోసు గొంతు రేడియోలో వినిపించింది. అంతకు ఏడాది ముందు, 1941 జనవరిలో, కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంట్లో పోలీసు నిఘాలో ఉన్న మనిషి పఠాన్ వేషంలో మాయమయ్యాడు. కాబూల్ చేరి, ఆర్లాండో మజ్జోటా పేరుతో ఇటలీ పాస్‌పోర్టు మీద బెర్లిన్ వెళ్లాడు. 1943లో జర్మన్ జలాంతర్గామిలో బయల్దేరి నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారాడు. ఇంత చేసినవాడు 1945 ఆగస్టు 18న తైవాన్‌లోని తైహోకులో విమాన ప్రమాదంలో చనిపోయాడని, అదీ ఐదు రోజులు ఆలస్యంగా, ఓడిపోయిన జపాన్ ప్రకటిస్తే జనం వెంటనే ఎందుకు నమ్మాలి? బోసు బతికే ఉన్నాడని తనకు అనిపిస్తోందని గాంధీజీయే అన్నారు. ఆ అనిపించడాన్ని ఆధారంగా తీసుకోవద్దని 1946లో ‘హరిజన్’లో రాసి సర్దుకున్నారు. గాంధీజీని ఏ జబ్బు జాబితాలో చేరుస్తాం?

పైగా ప్రభుత్వం నిజంగానే కొన్ని సంగతులు దాచింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా బోసు కుటుంబం మీద నిఘా 1968 దాకా సాగిందని 2015లో బయటపడింది. ఇన్నేళ్లూ అనుమానించినవాళ్లు ఈ ఒక్క విషయంలో ఊహించింది సరిగ్గానే ఉంది.

అయినా నేతాజీ తైహోకులోనే మరణించారన్నది నా నిశ్చయం. సంశయం సర్కారు మాటకు ఎంత వర్తిస్తుందో, దాన్ని కాదనే కథకూ అంతే వర్తించాలి. కుట్ర వాదులు ఎక్కువగా ఆధారపడేది ఒక దహన పత్రం మీద. తైహోకు రికార్డుల్లో బోసు పేరు లేదు. ఇచిరో ఒకురా అనే జపాన్ సైనికుడు గుండె ఆగి చనిపోయినట్టు మాత్రం ఉంది. దీన్నీ, ఆ రోజు ప్రమాదం జరిగినట్టు తమ దగ్గర రికార్డు లేదన్న తైవాన్ జవాబునూ పట్టుకుని, నేతాజీ అదృశ్యంపై విచారించిన ముఖర్జీ కమిషన్ 2005లో విమాన ప్రమాదమే జరగలేదని తేల్చింది. ప్రభుత్వం ఆ నివేదికను తోసిపుచ్చింది. అయితే 1945 ఆగస్టులో తైవాన్ జపాన్ పాలనలో ఉంది. చైనా అధికారులు దాన్ని స్వాధీనం చేసుకున్నది అక్టోబరు 25న. జపాన్ సైన్యపు విమానాశ్రయం రికార్డు వాళ్ల దగ్గర లేకపోతే అందులో వింతేముంది? ఇక ఒకురా పత్రం అతని మరణానికి రుజువైతే కావచ్చు గాని, బోసు బతికి ఉన్నాడనడానికి రుజువు కాలేదు.

మరో పక్క మనుషుల సాక్ష్యం ఉంది. ఆ విమానంలోనే ప్రయాణించి కాలిన గాయాలతో బయటపడిన బోసు సహచరుడు హబీబుర్ రహమాన్, దేశ విభజన తర్వాత పాకిస్తానీ అయ్యాక కూడా 1956లో వచ్చి, నేతాజీ మరణంపై విచారించిన షానవాజ్ కమిటీకి చెప్పింది బోసు ఆ ప్రమాదంలోనే చనిపోయాడని. ఆసుపత్రిలో వైద్యం చేసిన యోషిమి 1946లో బ్రిటిష్ వాళ్లకు చెప్పిందీ అదే. చిన్న చిన్న వివరాల్లో తేడాలున్నాయి. కుట్ర నిజం కావాలంటే వీళ్లూ, బతికి బయటపడ్డ జపాన్ అధికారులూ, దేశాలు వేరైపోయినా, జీవితాంతం ఒకే అబద్ధాన్ని మోసి ఉండాలి. అందులో ఒక్కరికీ లాభం కనిపించదు.

2016లో కేంద్రం ఫైళ్లు బయటపెట్టాక కూడా ఫైజాబాద్‌లోని గుమ్నామీ బాబా అనే సాధువే నేతాజీ అన్న నమ్మకం చావలేదన్న అభ్యంతరం ఉంది. అది డెబ్భై ఏళ్ల ఆలస్యం చేసిన నష్టం. నేతాజీ విషయంలో అనుమానాలను ఎక్కువగా పెంచింది మూసిన ఫైళ్లేనని నా వాదన.  ఇలాంటి చోట హాఫ్‌స్టాడ్టర్ వారసులు వెతకాల్సింది మనుషుల బుర్రల్లో కాదు, బీరువాల్లో.

టోక్యో రెంకోజీ ఆలయంలో ఉన్న, నేతాజీవని చెప్పే అస్థికలకు డీఎన్‌ఏ పరీక్ష చేయించమని బోసు కుమార్తె అనితా బోస్ ఫాఫ్ పలుమార్లు కోరారు. పరీక్ష జరిపి ఫలితం ఏదైనా సరే పూర్తిగా ప్రచురించాలి. రేపల్లె రైతు అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం బాకీ పడ్డ జవాబు అదే.